చేయబడవలసిన పనులు

తొంభై ఒకటి జూలైలో ఆ గురువారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్ త్రినాథరావు. ఆయన భార్య బాలాత్రిపురసుందరి; పేరు మొత్తం పిలిచేలోపు కాఫీ చల్లారిపోతుందని అందరూ త్రిపుర అంటారు. బోరబండ నుంచి వచ్చి పనిచేసే ఎల్లమ్మ. తణుకు దగ్గర పల్లెటూరి నుంచి ఇంటర్‌లో చేరడానికి మూడు వారాల కిందట వచ్చిన త్రిపుర మేనకోడలు సత్యలక్ష్మి.

ఐదోది వరండాలో మేకుకు వేలాడే పరీక్ష అట్ట. దాన్నీ మనిషి కిందే లెక్కవేయాలి. ఆ ఇంట్లో ఆజ్ఞలిచ్చేది అదే.

మర్నాడు షూటింగుకు ఏమేం సిద్ధం కావాలో రాసే కాగితాన్ని కాల్‌షీట్ అంటారు. త్రినాథరావు ఆఫీసులో అవి రాసి రాసి, చెయ్యి ఊరుకోక ఇంటికీ ఒకటి మొదలుపెట్టాడు. అదీ ఇంగ్లీషులో. "ట్యాంక్ ఈజ్ టు బి ఫిల్డ్. మోటార్ ఈజ్ టు బి స్విచ్డాఫ్. క్లోత్స్ ఆర్ టు బి ఐరన్డ్."

ఊళ్లో కాశీవిశ్వనాథం మాస్టారు ఇలాంటి వాక్యాలకు సత్యలక్ష్మి చేత అర్థాలు రాయించారు. ట్యాంకు నింపబడవలసి ఉన్నది. ఎవరిచేత? తెలియదు. జరిగి తీరాల్సిన పని ఉంటుంది, చేసే మనిషి ఉండడు. అదే ఊళ్లో అమ్మ "బిందె నింపవే" అంటే ఎవరికి చెప్పిందో వీపుకే తెలుస్తుంది.

మామయ్య ఇంగ్లీషులో ఖాళీగా ఉన్న ఆ మనిషి చోట్లోకి ఇన్నాళ్లూ సత్యలక్ష్మే దూరింది. ట్యాంకు నింపింది. ఇస్త్రీ చేసింది. చెప్పని బూట్లు కూడా తుడిచింది. కొత్త చోటు, నోరు పెగలదు.

నిన్న సాయంత్రం అట్ట మీద చివరి వాక్యం మాత్రం ఆమె గురించే. "సత్యలక్ష్మి ఈజ్ టు బి టేకెన్ టు కాలేజ్, టెన్ ఓ క్లాక్."

కాలేజీలో చేరడానికి ఇవాళే ఆఖరు. పన్నెండు దాటితే సీటు వెనకున్నవాళ్లకు ఇచ్చేస్తారు. గార్డియన్ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. దరఖాస్తులో ఆ గార్డియన్ త్రినాథరావు.

నిన్న ఆ కాగితం చూసి త్రిపుర బుగ్గన వేలు పెట్టుకుంది. "అంతా బాగుంది గానీ, కింద బోసిగా ఉందండీ. మీ సంతకం ముత్యాల కోవలా ఉంటుంది. ఒకటి పడేయకూడదూ?"

త్రినాథరావు పొంగిపోయి ఎర్ర సిరాతో జానెడు పొడుగు సంతకం పడేశాడు.

ఇవాళ తొమ్మిదింటి నుంచీ సత్యలక్ష్మి వరండాలో కుర్చీ దిగలేదు. రెండు జడలు, ఒళ్లో సర్టిఫికెట్ల కవరు. గేటు దగ్గర ఆఫీసు అంబాసిడర్ ఉంది. పది కొట్టాక తెల్ల సఫారీలో, సెంటు గుప్పుమంటూ త్రినాథరావు బయటికొచ్చాడు.

"ఎక్కడికండీ?" అంది త్రిపుర.

"కొత్త సినిమా ముహూర్తానికి. పదకొండున్నరకి కొబ్బరికాయ, పన్నెండింటికి భోజనాలు. గుత్తివంకాయట."

"పిల్ల కాలేజీ?"

"రాశాను కదే."

"రాస్తే? ఎవరు తీసుకెళ్తారూ?"

"షి ఈజ్ టు బి టేకెన్. అందులోనే ఉంది."

"అందులో పిల్ల ఉంది, కాలేజీ ఉంది, టైముంది. మీరెక్కడున్నారు?"

"అదేనే ఇంగ్లీషు గొప్పతనం! పని ఉంటుంది, మనిషి అడ్డురాడు. పని దానంతటదే జరిగిపోతుంది."

"జరక్కపోతే?"

"ఇట్ వజ్ నాట్ డన్ అని రాస్తాం."

సత్యలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు వారాలుగా మింగిన కోపమది. మామయ్య అబద్ధమాడడు, అనుకుంది. అబద్ధమాడాలన్నా వాక్యంలో ఒక మనిషి ఉండాలి కదా.

అంతలో డాబా మీది ట్యాంకు పొర్లి, తూము గుండా ధారగా దూకింది. సరిగ్గా దాని కింద త్రినాథరావు. సఫారీ ఒంటికంటుకుపోయింది. సెంటు కాలువ కట్టింది.

"ఎల్లమ్మా! మోటారు ఆపలేదా?"

ఎల్లమ్మ చీపురుతో సహా వచ్చింది. రోజూ మోటారు ఆపేది సత్యలక్ష్మి. ఇవాళ మోటారు వేసి వచ్చి కూర్చున్న సత్యలక్ష్మి మళ్లీ కుర్చీ దిగలేదు. "నాకెవలు జెప్పిండ్రు సారూ? గా అట్ట మీద నా పేరుందా?"

"స్విచ్డాఫ్ అని రాశాను!"

"గట్ల రాస్తే మోటరే సదువుకొని బందయితదనుకున్న. నన్నడుగుతరేంది? జర అట్టనడుగుండ్రి!"

"త్రిపురా, ఇంకో జత తే! ఇస్త్రీవి!"

"ఇట్ వజ్ నాట్ డన్" అంది త్రిపుర, కొంగుతో నవ్వు కప్పుకోకుండానే.

ముడతలు పడ్డ చొక్కా తొడుక్కుంటూ ఆయన పళ్లు నూరుతుంటే హాల్లో ఫోను మోగింది. నిర్మాత చలపతిరావు. ఆయన కోపానికి రిసీవరు చాలక, మాటలు వరండా దాకా వచ్చాయి.

"త్రినాథం! ముహూర్తానికి కెమెరా ఏదయ్యా?"

"కాల్‌షీట్లో రాశాను సార్. కెమెరా ఈజ్ టు బి బ్రాట్..."

"ఎవడు తేవాలయ్యా? నేనా? దేవుడి పటమా?"

"కింద సంతకం అసిస్టెంటు వెంకటేశ్వరరావుది సార్. మన ఆఫీసు రూలే కదా, కింద సంతకం ఎవడిదైతే పని వాడి పీక మీదకే. వాడు తెస్తాడు సార్."

ఫోను పెట్టేసి త్రినాథరావు మీసం సవరించుకున్నాడు. "చూశావా? అందుకే నేను ఎక్కడా సంతకం పెట్టను."

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా అట్ట. దాన్ని రెండు చేతులా పట్టుకుని సత్యలక్ష్మి. కళ్లు దించలేదు.

"మామయ్యా, దీని కింద సంతకం మీదే."

ఆ గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా వినిపించడం అదే మొదలు. ఎల్లమ్మ చీపురు కింద పెట్టేసింది. త్రినాథరావు ఆ ఎర్ర సంతకాన్ని, జైల్లోంచి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"అది... ఊరికే... మీ అత్తయ్య అడిగితే..."

"నేనేం చేశానండీ?" అంది త్రిపుర. "పెట్టబడింది."

"సారూ, పీక జర భద్రం" అంది ఎల్లమ్మ.

గడియారంలో పదిన్నర. త్రినాథరావు కారు తాళాలు తీసుకున్నాడు. తడి బూట్లు చప్పుడు చేస్తుంటే గేటు దాకా నడిచాడు. అలవాటు కొద్దీ అంబాసిడర్ వెనక తలుపు తెరిచి, ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు. హీరోయిన్లకు తప్ప ఆయన అలా నిలబడింది లేదు.

"కూర్చోమ్మా" అన్నాడు. తరవాత నిట్టూర్చి పైకే, "గుత్తివంకాయ..."

"బెంగపడకండి, తినబడుతుంది!" అని వరండాలోంచి కేకేసింది త్రిపుర.

సత్యలక్ష్మి కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోపం ఇంకా తగ్గలేదు. థాంక్స్ చెప్పలేదు. మామయ్య వంగి, ఆమె ఓణీ చెంగు నలగకుండా లోపలికి సర్ది, మెత్తగా తలుపు వేశాడు.