అక్షింతలు దులిపిన పెట్టెలు

ఆ ఉదయం లింగం ఆలోచన చాలా చిన్నది. పది గంటలకు టెంపో వస్తుంది, ముప్ఫై ఆరు పెట్టెల చున్నీలు హజీరా రేవుకు పోతాయి, అక్కడినుంచి ఓడలో ఆఫ్రికాలోని మొంబాసాకు. కరోనా వచ్చాక సూరత్‌లోని గోడాదరాలో ఆయన మగ్గాలు ఆరు నెలలు మూగబోయాయి. ఇది మొదటి విదేశీ ఆర్డరు. సరుకు నచ్చితే మొంబాసాలో దుకాణమున్న గుజరాతీ సేఠ్ రెండో ఆర్డరు ఇస్తాడు. లేకుంటే మగ్గాలు అమ్ముకుని సొంతూరు సిరిసిల్లకు బస్సెక్కడమే.

పెట్టెలు కట్టింది పనివాడు సదానందం. లోపల ప్లాస్టిక్ సంచి, చెమ్మ పీల్చే పొట్లాలు, పైన మూడు వరసల టేపు. తను కట్టిన పెట్టె సముద్రంలో పడ్డా చున్నీ తడవదని అతని నమ్మకం. అడగనివాళ్లకు కూడా ఆ సంగతి చెబుతాడు.

తొమ్మిదింటికి షిప్పింగ్ ఏజెంటు ఫోన్ చేసి చివరి కాగితం చదివాడు. పెట్టెల్లో గింజ గానీ ఆకు గానీ దొరికితే సరుకంతా మొంబాసా రేవులోనే ఆపేస్తారట. చున్నీల్లో గింజలెందుకుంటాయని లింగం నవ్వాడు. పక్కనే కూర్చున్న తల్లి బుచ్చవ్వ మాత్రం నవ్వలేదు.

"సదానందం అన్నానికి పోయినప్పుడు ఒక్క పెట్టెల పిడికెడు అక్షింతలు ఏసిన బిడ్డా. ఓడల పోయే సరుకు, సల్లంగ చేరాలె గద," అంది.

ఏ పెట్టెలో అంటే గుర్తులేదంది. సదానందం ముఖం మాడ్చుకుని ఒక పెట్టె విప్పాడు. అందులోనే అక్షింతలు కనిపించాయి. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. అయినా అనుమానం తీరక లింగం రెండోది విప్పించాడు. అందులోనూ ఉన్నాయి, పైగా వేపాకు.

"ఒక్కదాంట్లనే ఏస్తే మిగిలినయి ఏం పాపం జేసినయి?" అంది బుచ్చవ్వ.

ముప్ఫై ఆరూ విప్పారు. చున్నీలను డాబా మీదికి మోసి ఒక్కొక్కటీ దులుపుతుంటే వాన పడింది. తడిసినవి ఆరబెట్టడానికి గల్లీలోని ఇస్త్రీపెట్టెలన్నీ వచ్చాయి. అన్నీ ఒకేసారి ప్లగ్గుల్లో పెట్టేసరికి గల్లీ అంతా కరెంటు పోయింది. బొగ్గుల ఇస్త్రీపెట్టెల కోసం పక్కపేట లింబాయత్ దాకా మనిషిని పంపారు. టెంపోవాడు మూడుసార్లు వెళ్లిపోతానని బెదిరించి, మూడుసార్లూ బుచ్చవ్వ ఇచ్చిన చాయ్ తాగి ఆగాడు. సాయంత్రానికి సదానందం పెట్టెలన్నీ మళ్లీ కట్టాడు. గింజ కాదు గదా, పసుపు మరక కూడా మిగల్లేదు.

నెల తర్వాత సేఠ్ వీడియో కాల్ చేశాడు. సరుకు బాగుంది, ప్యాకింగు ఇంకా బాగుందన్నాడు. లింగానికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. కానీ పెట్టెలింకా దుకాణం బయటే ఉన్నాయట. కొత్తవాడు పంపిన మొదటి సరుకులో శకునానికి ఒక్క బియ్యపుగింజైనా లేదని సేఠ్ తల్లి వాటిని గడప దాటనివ్వడం లేదు. ఆవిడ ఒప్పుకోకుంటే రెండో ఆర్డరు మాట మరిచిపోవాలి.

బుచ్చవ్వ కొడుకు చేతిలోని ఫోను లాక్కుని గోడకు ఆనించింది. లోపలినుంచి బియ్యం, పసుపు తెచ్చి కలిపింది. తల వంచమని ఫోనులో కనబడుతున్న సేఠ్ తల్లికి సైగ చేసి, తెర మీద గుప్పెడు చల్లింది. ఆవిడ కొంగు కప్పుకుని భక్తిగా తల వంచింది. ఆమె వెనక పెట్టెలు ఒక్కొక్కటే లోపలికి కదిలాయి.

ఏ కాగితమూ లేకుండా ఆ ఏడాది సూరత్ నుంచి మొంబాసా చేరిన సరుకు ఆ గుప్పెడు అక్షింతలే.