రెండు బస్తాల గోలీలు

ఆ రోజు ఉదయం వైకుంఠం వేసుకున్న పథకంలో ఒక్క లోపం కూడా లేదు. ముందు మిల్లు నడిపే అన్వర్‌కు ఒక మాట చెప్పాలి. తర్వాత హోటల్లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తీరిగ్గా చాయ్ తాగాలి. పదకొండింటికి ధూల్‌పేట్ నుంచి విగ్రహాలు చేసే గుండయ్య వస్తాడు, సరుకు చూస్తాడు, ఆర్డరిస్తాడు. సాయంత్రం అత్తగారు విమలాదేవి దబీర్‌పురాలోని కొడుకు ఇంటికి వెళ్లిపోతారు. వీటిలో ఏది ఎక్కువ సంతోషించదగ్గదో తేల్చుకోలేక అతను అద్దం ముందు రెండుసార్లు తల దువ్వుకున్నాడు.

ఉప్పుగూడలో రైలు పట్టాల వెనక వైకుంఠానికి ఒక మిల్లు ఉంది. గోధుమలు పట్టే మిల్లు కాదు, రాళ్లు పట్టే మిల్లు. జాజు రాయి, అంటే ఎర్రటి ఇనుప ఖనిజం, లారీల్లో వచ్చి పడుతుంది. ముందు క్రషర్ దాన్ని పటపటా నమిలి కంకర చేస్తుంది. ఆ కంకరను బాల్‌మిల్లు మింగి పొడి చేస్తుంది. చూడటానికి అదొక పెద్ద ఇనుప పీపా, అడ్డంగా పడుకుని ఉంటుంది. కడుపు నిండా ఉక్కు గోలీలు. పీపా గిరగిరా తిరుగుతుంటే గోలీలు పైకెక్కి దబదబా రాయి మీద పడతాయి. పడీ పడీ కొన్నాళ్లకు అవీ అరిగిపోతాయి. అప్పుడు పొడిలో రవ్వ మిగులుతుంది. రవ్వ ఉన్న జాజు పూస్తే వినాయకుడి పొట్ట మీద చెమటకాయలు లేచినట్టు కనిపిస్తుంది.

వైకుంఠం తండ్రి కాలం నాటి ఆ బాల్‌మిల్లును షెడ్డులో అందరూ 'ముసల్ది' అంటారు. ఇంట్లో మాత్రం వైకుంఠం ఆ మాట నోటితో ఎత్తడు. అత్తగారు తరచూ వచ్చి పోయే ఇంట్లో అలాంటి మాటకు ఎన్ని అర్థాలు పుడతాయో అతనికి తెలుసు.

రసాయన రంగుల పోటీతో మిల్లు మూలుగుతూ నడుస్తోంది. ఈ ఏడు మట్టి విగ్రహాలకు, మట్టి రంగులకు గిరాకీ వచ్చింది. గుండయ్య ఎవరి జాజు కొంటే ధూల్‌పేట్ గల్లీలన్నీ వాళ్ల జాజే కొంటాయి. అతను కాదంటే మిల్లుకు తాళమే. బావమరిది వివేక్ ఆ తాళం కోసమే ఎదురు చూస్తున్నాడు. షెడ్డు పడగొట్టి ఫంక్షన్ హాల్ కడదామని టేపు పట్టుకుని కొలతలు కూడా తీసుకుపోయాడు.

వైకుంఠం ఫోన్ తీశాడు. వాట్సాప్‌లో అన్నిటికన్నా పైన అన్వర్ పేరు ఉంది. బొటనవేలు ఆ పేరు మీదికి దిగుతున్న క్షణంలోనే దబీర్‌పురాలో వివేక్ గులాబీ పువ్వుతో 'శుభోదయం' పంపాడు. కుటుంబం గ్రూపు ఎగిరి పైకొచ్చింది. అన్వర్ ఒక మెట్టు కిందికి జారాడు. బొటనవేలుకు ఇవేమీ తెలియవు. కళ్లజోడు నెత్తి మీద ఉండటంతో వైకుంఠానికీ తెలియలేదు. మైకు గుర్తు నొక్కిపట్టి మాట్లాడేశాడు.

"అన్వర్ భాయ్, ముసల్దాని సంగతి ఇయ్యాల తేల్చెయ్యాలె. గుండయ్య వచ్చేలోపల పని అయిపోవాలె. దాని కడుపుల గోలీలు పనిచేస్తలేవు. రెండు బస్తాల గోలీలు ఒక్కసారే వేసెయ్యి. పెద్దయి సగం, చిన్నయి సగం. నీళ్ల చుక్క గూడ తగలనియ్యకు. మూతి గట్టిగ బిగియ్యి. మొదట్ల మస్తు లొల్లి చేస్తది, ఫికర్ చెయ్యకు, జరసేపైతే సప్పుడు తగ్గుతది. ఈ సీజన్ గడిస్తే చాలు. ఆనక కబాడీకి ఇచ్చేద్దాం."

ఫోన్ జేబులో పడేసుకుని హుషారుగా స్కూటర్ ఎక్కాడు. స్కూటర్ సందు మలుపు తిరిగేసరికి, వెనక ఇంట్లో విమలాదేవి మోకాళ్ల నొప్పి గోలీ అరచేతిలో పెట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తెరిచారు. సౌండ్ ఎప్పుడూ ఫుల్లుగా పెట్టుకోవడం ఆవిడ అలవాటు. అల్లుడి గొంతు వంటింటి దాకా వినిపించింది. సందేశం పూర్తయ్యాక అరచేతిలోని గోలీ వైపు ఒకసారి చూసి, దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేశారు.

హోటల్లో చాయ్ చల్లారేదాకా కూర్చుని, గుండయ్యతో ఏమేం మాట్లాడాలో నెమరేసుకుని, వైకుంఠం మిల్లుకు చేరాడు. ముసల్ది దడదడా తిరుగుతోంది. ఆ మోతలో మాట వినపడదు. నోటితో కాకుండా చేతులతో మాట్లాడటమే అక్కడి పద్ధతి. వైకుంఠం దూరం నుంచే పిడికిలి చూపించి, దాన్ని పీపా వైపు విసిరినట్టు ఊపాడు. గోలీలు వేశావా అని దానర్థం. అన్వర్ బొటనవేలు పైకెత్తాడు. రాయి వేశాను అని దానర్థం. ఇద్దరూ ఒకరికొకరు నవ్వుకున్నారు. మూలన రెండు బస్తాల కొత్త గోలీలు మూతి విప్పకుండా కూర్చునే ఉన్నాయి. వాటి ముందు ఎవరో తువ్వాలు ఆరేయడంతో వైకుంఠం కంట పడలేదు. ఫోన్ బల్ల సొరుగులో పెట్టాడు. అది అక్కడే ఆపకుండా మోగడం మొదలుపెట్టింది.

గుండయ్య చెప్పిన టైముకే వచ్చాడు. తెల్లటి లాల్చీ, చెవి మీద బ్రష్షు. వస్తూనే అన్నాడు. "మిషన్ బంద్ జెయ్యమను వైకుంఠం. సప్పుడు ఇనాలె."

అన్వర్ మోటారు ఆపాడు. పళ్లెంలో ఎర్రటి జాజు పొడి తెచ్చి ముందు పెట్టాడు. విగ్రహాలు చేసేవాళ్లు పొడిని జల్లెడతో చూడరు. చిటికెడు పళ్ల కింద పెట్టుకుని కొరుకుతారు. మెత్తటి పొడి మాట్లాడదు. రవ్వ ఉంటే కరకరమంటుంది. పుక్కిలించి ఉమ్మేసి, అవుననో కాదనో చెప్పి లేచిపోతారు.

గుండయ్య చిటికెడు తీసుకుని నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. "అరె, మళ్ల మర్సిపోయిన. మొన్ననే పండ్లన్నీ తీపిచ్చుకున్న. ఇవి పెట్టుడు పండ్లు. వీటికి రవ్వా తెల్వది, పూరీ తెల్వది. ఎవలన్న సొంత పండ్లోళ్లు కొరకాలె."

"నేను కొరుకుత గద అన్నా!" అన్నాడు వైకుంఠం.

"నీ సరుకు నువ్వు కొరికి చేదని చెప్తవా? ఈ భాయ్‌కి చెప్దామంటే ఆయన పండ్లు నీ జాజు కన్న ఎర్రగున్నయి."

అన్వర్ పాన్ బుగ్గ మార్చుకుని సిగ్గుగా నవ్వాడు.

సరిగ్గా అప్పుడే షెడ్డు ముందు ఆటో కీచుమని ఆగింది. ముందు వివేక్ దూకాడు. వెనక వైకుంఠం భార్య సుశీల దిగింది. ఆమె చేయి పట్టుకుని విమలాదేవి దిగారు.

"బావా! మా అమ్మను ఏం జేద్దామనుకుంటున్నవ్?" వివేక్ అరిచాడు. ఒక చేత్తో వీడియో తీస్తున్నాడు.

"మీ అమ్మనా? సాయంత్రం ఆటో ఎక్కిద్దామనుకుంటున్న" అన్నాడు వైకుంఠం అయోమయంగా.

"ఆటోనా, పాత సామాన్ల కబాడీ బండా?" అన్నారు విమలాదేవి. "ఆమె అని గూడ అనలే. 'దాని' అన్నడు! మూతి బిగియ్యమన్నడు! సుక్క నీళ్లు గూడ ఇయ్యొద్దన్నడు!"

"మొన్న అమ్మ టీవీ సౌండ్ ఎక్కువని అన్నప్పుడే నాకు డౌట్ వచ్చింది" అంది సుశీల, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఏమండీ, టీవీ ఇంకో రూంల పెట్టుకుంటే పోయేది గద!"

వైకుంఠానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. గుండయ్య మాత్రం విమలాదేవిని తదేకంగా చూస్తున్నాడు. ఆవిడ ముఖాన్ని కాదు, నోటిని. అంత వయసులో, అంత కోపంలో, పై వరస, కింది వరస మల్లెమొగ్గల్లా తళతళలాడుతున్నాయి.

"అమ్మా, మీ పండ్లు సొంతవేనా?" అన్నాడు ఆశగా.

"సొంతవే! ఇప్పటికీ చెరుకు గడ కొరుకుత! నువ్వెవరయ్యా?"

"నేను గుండయ్యను."

విమలాదేవి రెండడుగులు వెనక్కి వేశారు. "సుశీలా! ఈయన వచ్చేలోపలనే పని అయిపోవాలెనన్నడు!"

"పని అయితది, జర ఇది నోట్లేసుకోండ్రి" అంటూ గుండయ్య ఎర్రపొడి చిటికెడు ముందుకు చాపాడు.

"ఇగో! గోలీలను పొడి గూడ చేసి పెట్టిండ్రు!" విమలాదేవి కేకకు పట్టాల మీది పావురాలన్నీ లేచిపోయాయి. సుశీల తల్లికి అడ్డంగా నిలబడింది. గుండయ్య బెదిరి చిటికెడు పొడిని తన లాల్చీ మీదే పోసుకున్నాడు. గొడవ విని పక్క వెల్డింగ్ షాపువాళ్లు వచ్చి గోడ మీద కూర్చున్నారు.

"ఏం గోలీలు? ఎవరి గోలీలు?" వైకుంఠం రెండు చేతులూ జోడించాడు.

"నీ గొంతు నువ్వే ఇను!" వివేక్ వీడియో ఆపి సందేశం పెట్టాడు. ఆగిపోయిన మిల్లు నిశ్శబ్దంలో వైకుంఠం గొంతు గంభీరంగా మోగింది. 'రెండు బస్తాల గోలీలు ఒక్కసారే వేసెయ్యి...'

వైకుంఠం ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. తను హంతకుడని ముగ్గురు నమ్ముతున్నారన్నది అతనికి తట్టనే లేదు. ఆ సందేశం అన్వర్‌కు చేరలేదన్నది మాత్రం తట్టింది.

"అంటే... గోలీలు వెయ్యలేదా అన్వర్ భాయ్?" అన్నాడు.

"నాకు మీరు చెప్పిండ్రా సేఠ్?"

"అయ్యో! ఇంకా వెయ్యలేదా!"

"చూసిండ్రా!" విమలాదేవి గోడ మీదివాళ్లను సాక్ష్యానికి పిలిచారు. "ఇంకా వెయ్యలేదని ఎట్ల ఏడుస్తున్నడో చూసిండ్రా!"

విషయం ముందుగా అర్థమైంది అన్వర్‌కే. తువ్వాలు లాగి, బస్తా మూతి విప్పి, గుమ్మరించాడు. నిమ్మకాయంతవి, ఉసిరికాయంతవి, నల్లటి ఉక్కు గోలీలు గడగడా దొర్లి విమలాదేవి చెప్పుల దాకా వచ్చాయి.

"అమ్మీజాన్, గివీ గోలీలు. గదీ ముసల్ది." పీపాను అరచేత్తో చరిచాడు. "మేం బుడ్ఢీ గూడ అంటం. అరిగిపోయిన గోలీలు దీని కడుపులయే. పొడి రుబ్బేటప్పుడు నీళ్లు తగిలితే ముద్దయితది. మూతి గిదో, ఈడ బిగిస్తం."

విమలాదేవి ఆ పీపా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. తుప్పు చూశారు. పొట్ట చూశారు. తిరిగొచ్చి కొడుకు నెత్తి మీద ఒక్కటి వేశారు. "గింత లావుదాన్ని చూసి నేననుకున్నవారా?"

"నేనెక్కడ చూసిన? నువ్వే గద ఫోన్ చేసి ఏడ్చినవ్!"

"నేను తల్లిని, ఏడుస్త. నువ్వు చదువుకున్నోనివి, అడగాలె!"

సుశీల నవ్వడం మొదలుపెట్టింది. గోడ మీదివాళ్లు అందుకున్నారు. వైకుంఠం కూడా నవ్వబోయాడు కానీ గుండయ్య గొంతు సవరించుకున్నాడు.

"లొల్లి అయిపోయింది గద. ఇగ కొరుకుండ్రి అమ్మా. నాకు ఇంకో మిల్లుకు పోయేదున్నది."

వైకుంఠం గుండె జారి స్కూటర్ దాకా పోయింది. అరిగిన గోలీలు రుబ్బిన పొడి అది. అత్తగారి వైపు చూశాడు. ఆ చూపులో, ఇంతకాలం టీవీ గురించి తాను అన్న ప్రతి మాటకూ క్షమాపణ ఉంది. సుశీల తల్లి చెవిలో, "మెత్తగున్నదను, అమ్మా" అంది. వివేక్ పైకప్పు చూస్తూ ఫంక్షన్ హాల్ ఫ్యాన్లు ఎక్కడ వస్తాయో లెక్కేసుకుంటున్నాడు.

విమలాదేవి చిటికెడు తీసుకుని పళ్ల మధ్య పెట్టుకుని కొరికారు.

*కర్ర్.*

గోడ మీదివాళ్లకు కూడా వినిపించింది. ఆవిడ పుక్కిలించి, ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుని తీర్పు చెప్పారు. "రవ్వ. సన్న రవ్వ గూడ కాదు, ఉప్మా రవ్వ. తాలింపు పెట్టుకోవచ్చు."

వైకుంఠం బల్ల మీద కూలబడ్డాడు. వివేక్ టేపు తీశాడు. గుండయ్య మెల్లగా నవ్వడం మొదలుపెట్టి, పెట్టుడు పళ్లు జారతాయేమోనని చేయి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు.

"పొద్దట్నుంచి తిరుగుతున్న. ఏ మిల్లుకు పోయినా ఆల్లింటోళ్లే కొరికి వెన్న వెన్న అన్నరు. ఆ వెన్నలన్నీ బ్రష్షుతో పూసి చూస్తే చెమటకాయలే లేచినయి. సొంత అల్లుని సరుకును మొఖం మీద రవ్వ అన్న మనిషి ఈడనే దొరికింది. వైకుంఠం, గోలీలు వేసి మళ్ల తిప్పు. సాయంత్రం వస్త. అమ్మ మెత్తగున్నదంటే ధూల్‌పేట్ మొత్తం ఆర్డరు నీదే."

వైకుంఠం లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అన్వర్ రెండు బస్తాలూ పీపాలో పోసి, మూతి బిగించి, స్విచ్ వేశాడు. ముసల్ది మొదట మస్తు లొల్లి చేసింది, జరసేపటికి మెత్తబడింది. పొద్దు వాలే వేళకు విమలాదేవి ఇంకో చిటికెడు కొరికారు. ఏ చప్పుడూ రాలేదు. ఆవిడ ఇంకాసేపు నమిలి, ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారు. "మెత్తగనే ఉన్నది."

గుండయ్య అడ్వాన్సు బల్ల మీద పెట్టాడు. "ఒక్కటే షరతు. ప్రతి లోడూ అమ్మ పండ్ల కిందికెళ్లే రావాలె. చవితి దాక. వేరేటోళ్లు కొరికితే నేను ఒప్పుకోను."

చవితికి ఇంకా ఎన్ని నెలలున్నాయో వైకుంఠం మనసులో లెక్కపెట్టుకునేలోపలే విమలాదేవి, దబీర్‌పురా వెళ్లడానికి సూట్‌కేసు ఎక్కించి సిద్ధంగా ఉంచిన ఆటో వైపు చూపిస్తూ కొడుకును కేకేశారు. "వివేకూ, ఆటోలకెళ్లి నా సూట్‌కేసు దించు. అట్లనే అల్లుని కుర్చీ ఇటు జరుపు, నాకు గాలి రావాలె."

ఆనాటి నుంచి ఆ షెడ్డులో ముసలమ్మలు ఇద్దరు. ఆపే స్విచ్ ఒక్కదానికే ఉంది.