అమలమ్మ మింగిన బిళ్ల, శౌరయ్య గారి సైడ్ ఎఫెక్టులు

సైడ్ ఎఫెక్టులు లేని మందు మందే కాదు! డాక్టర్లు ఒప్పుకోకపోతే అది వాళ్ల ఖర్మ. ఎముకలు గుల్లబారితే ఇచ్చే బిళ్లనే తీసుకోండి. దాని లాభం ఎముకల్లోపల, ఏళ్ల తరబడి, ఎవరి కంటా పడకుండా జరుగుతుంది. సైడ్ ఎఫెక్టులో? మొదటి వారమే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతాయి! ఇంతకీ ఏది గొప్ప?

నమ్మకం కుదరని పాఠకులు 2004లో హనుమాన్ జంక్షన్‌లో శౌరయ్య గారింట్లో జరిగింది వినాలి.

శౌరయ్య గారు ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు బస్సుల్ని టైముకి పంపిన మనిషి కాబట్టి, కాఫీ కూడా టైముకే రావాలంటారు. తెచ్చేది భార్య అమలమ్మ. ఆ ఏడాది ఆవిడ పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. విజయవాడలో డాక్టరమ్మ పరీక్ష చేయించి, ఎముకలు గుల్లబారాయని వారానికొక బిళ్ల రాసింది. పొద్దున్నే పరగడుపున గ్లాసుడు నీళ్లతో మింగాలి. ఆపైన అరగంట ఏమీ తినకూడదు, పడుకోకూడదు.

ఆదివారం ఖాయం చేసింది శౌరయ్య గారే. "ఎలాగూ ఆ రోజు చర్చిలో పూజ అయ్యేదాకా నీకు ఉపవాసమేగా, కలిసొస్తుంది," అన్నారు. పూజలో ఇచ్చే సత్ప్రసాదానికి ముందు గంటసేపు తినకపోతే చాలని ఫాదర్ గారు ఎన్నిసార్లు చెప్పినా, అమలమ్మ చిన్నప్పటి పద్ధతిలో రాత్రి నుంచే ఉపవాసం ఉంటుంది. ఆ గంట సడలింపు మాత్రం శౌరయ్య గారికి బాగా వంటబట్టింది. ఆరున్నర పూజకి ఐదున్నరలోపు కాఫీ పడిపోతే ఏ పాపమూ లేదు!

మొదటి ఆదివారం ఐదుంబావుకి అమలమ్మ బిళ్ల మింగి, వరండాలో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చుంది.

"కాఫీ ఏదీ?"

"అరగంట కదలకూడదండి. మందు పని చెయ్యదంట."

ఇంకేముంది! ఐదున్నర దాటింది, కాఫీకి గేటు పడిపోయింది. కాఫీ లేకుండా పూజకెళ్లడం ఆయన జీవితంలో అదే మొదలు. తనే పెట్టుకోవచ్చుగా అని అడిగే పాఠకులు ఆయన్ని ఎరగరని తెలుస్తూనే ఉంది.

రెండో ఆదివారం ఇస్త్రీ చొక్కా దొరకలేదు. మూడో ఆదివారం గుండీ ఊడింది, కుట్టే మనిషి కుర్చీలో ఉంది. ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి సువిశేషం చదవడం అయ్యాక వెళ్లి, వెనక చెప్పుల దగ్గర నిలబడ్డారు. తలనొప్పి, చిరాకు, గుండెల్లో మంట. మందు డబ్బాలోని కాగితం తీసి చూస్తే గుండెల్లో మంట అందులో ఉండనే ఉంది! మింగింది ఒకరు, మండింది ఇంకొకరికి! ఇంత శక్తిమంతమైన మందు ఇంకోటుందా?

అమలమ్మకి మాత్రం ఏ మంటా లేదు. ఆ అరగంటా గన్నవరం వైపు వెళ్లే మొదటి బస్సు చూసేది. జామచెట్టు మీద ఉడతలు రెండున్నాయని అప్పుడే తెలిసింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో తెల్లారడం ఆవిడ కూర్చుని చూడటం అదే మొదలు.

నెల తిరగకుండానే శౌరయ్య గారు తేల్చేశారు. "ఈ మందు నీకు పడట్లేదు. మాన్పించేద్దాం. నీ ఆరోగ్యం కోసమే!"

అమలమ్మకి భయమేసింది. ఎముకల గురించి కాదు, కుర్చీ గురించి.

విజయవాడ వెళ్లారు. "డాక్టరు గారండీ, ఈవిడకి పడట్లేదండీ. అరగంట కుర్చీలో కదలకుండా కూర్చోవాలంటే మాటలా?" అన్నారాయన.

"కూర్చోమని నేనెప్పుడు..." అనబోయి డాక్టరమ్మ ఆగింది. ఆవిడ చెప్పింది పడుకోవద్దనే. నిలబడొచ్చు, తిరగొచ్చు, కాఫీ కూడా పెట్టొచ్చు. అమలమ్మ తల దించుకుని, అతికిన మణికట్టుని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఉంది.

డాక్టరమ్మ ఆ చేతిని కాసేపు చూసింది. "మంట గానీ, మింగేటప్పుడు నొప్పి గానీ ఉందామ్మా?"

"నాకేం లేదండి. మంట ఆయనకేనండి."

"అయితే మానక్కర్లేదు."

అమలమ్మ అప్పుడు తలెత్తింది. "డాక్టరు గారూ, ఇందులో రోజూ వేసుకునే రకం లేదాండీ?"

"ఉందమ్మా. మొదట్లో అదే వచ్చింది. రోజూ అరగంట ఎవరు పడతారని జనం విసుక్కుంటే వారానిది తెచ్చారు."

"నాకేం విసుగు లేదండి. ఆ రోజూ వేసుకునేదే రాయండి."

డాక్టరమ్మ చీటీ మార్చి రాసి శౌరయ్య గారి చేతికిచ్చింది. "అరగంటండీ. కుర్చీలోనే," అంది.

ఎముకల సంగతి ఏడాది తర్వాత తెలుస్తుంది. అంతదాకా ఎందుకు? మర్నాడు పొద్దున్నే శౌరయ్య గారు వంటింట్లోంచి, కాఫీపొడి డబ్బా ఎక్కడుంటుందని అడిగారు. ముప్పై ఎనిమిదేళ్లుగా అది ఉన్నచోటనే ఉంది. అమలమ్మ కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది.