పంటిగాటు పడిన మాండలిన్

ఆ ఉదయం పళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లినిక్‌కు సెలవు పెట్టి, పాత మాండలిన్‌ను సంచీలో వేసుకుని వాద్యాల ప్రదర్శనకు వెళ్లడం, దాని మూడో తీగను చాలాకాలంగా పట్టి పీడిస్తున్న గరగరను బాగుచేయించడం, కొత్త మాండలిన్లను కళ్లతో మాత్రమే చూసి భోజనం వేళకు ఇల్లు చేరడం. కళ్లతో మాత్రమే అన్న షరతు భార్యది. ఇంట్లో అప్పటికే ఐదు మాండలిన్లున్నాయి. బట్టల బీరువా తెరిస్తే ముందు ఒకటి మీద పడుతుంది, ఆ తర్వాతే చీరలు కనిపిస్తాయి.

"ఒకటి తీసుకెళ్తున్నారు, ఒకటే తీసుకురండి," అంది ఆవిడ గుమ్మంలో నిలబడి. "ఆరోది వచ్చిందా, ఆరూ క్లినిక్‌లోనే. మీరూ అక్కడే."

"నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది. మీ నోటి మీద లేదు. అక్కడికెళ్తే అది మీ మాట వినదు."

హాల్లో అడుగుపెట్టగానే డాక్టరు నేరుగా తన పాత మేస్త్రి దుకాణానికి వెళ్లి సంచీ చేతికిచ్చాడు. మాండలిన్లు చేయడం తప్ప లోకంలో మరో పని తెలియని మేస్త్రి మొహం ఆయన్ని చూసి విప్పారింది.

"మీకోసమే చూస్తున్నాను డాక్టరుగారూ. వెనక గదిలో కూర్చుని ఈ గరగర సంగతి తేలుస్తాను. ఆ తర్వాత మీకొకటి చూపించాలి."

చివరి మాట డాక్టరు చెవిన పడలేదు. ఆయన అప్పటికే ఎదురు దుకాణంలో ఉన్నాడు. అక్కడ నల్లటి కార్బన్ మాండలిన్లు తళతళలాడుతున్నాయి. లెక్కలు చెప్పి రిటైరైన ఆయన స్నేహితుడు శ్రుతి మాష్టారు తనది కాని ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని శ్రుతి చేస్తున్నాడు. ఎక్కడ ఏ తీగ కనిపించినా బిగించకుండా ఉండలేని మనిషి. ఇద్దరూ కలిసి, చెక్క లేని మాండలిన్ మాండలినే కాదని తీర్మానించి, ఆ ముక్క అమ్మేవాడితోనే చెప్పి, కులాసాగా వెనక్కి తిరిగారు.

మేస్త్రి దుకాణం ముందు గుంపు కట్టి ఉంది. మధ్యలో మఖమల్ గుడ్డ మీద, దీపం వెలుగులో, డాక్టరు మాండలిన్. పక్కన ‘చేతితో చేసిన కొత్త మాండలిన్’ అని అట్ట. బొటనవేలు రాసుకుని నల్లబడిన చోటు, ఇస్త్రీపెట్టె తగిలిన మచ్చ, అంచున పంటిగాట్లు, అన్నీ ఉన్నాయి. ఒకాయన కళ్లజోడు సవరించుకుని వంగి చూస్తున్నాడు.

"ఈ గాటు ఎంత సహజంగా చెక్కారో చూడండి. పాతదనం తెప్పించడమంటే మాటలు కాదు."

"చెక్కడమేమిటండీ," అన్నాడు డాక్టరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది మా అమ్మాయి కొరికింది."

దుకాణంలో కూర్చున్న మేస్త్రి చెల్లెలు కంగారుగా లేచింది. "ముట్టుకోకండి సార్, అది అమ్మకానికి కాదు. ఎవరో పెద్దమనిషి గీత కూడా తేడా రాకూడదని చెప్పి మరీ చేయించుకున్నారట."

"ఎవరా పెద్దమనిషి?"

"అన్నయ్యకే తెలుసండీ. తలుపేసుకుని పనిలో కూర్చున్నాడు. ఇప్పుడు పిలిచినా పలకడు."

డాక్టరు మూడో తీగ మీటాడు. గరగరమంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తన వస్తువును తన కళ్లెదుటే మరొకడికి అంటగట్టడమా? పైగా కొత్తదని చెప్పి?

"ఈ గరగర నాదమ్మా. నేనూ ఇదీ కలిసి పడుతున్న బాధ ఇది. ఆ పెద్దమనిషెవరో నా చేతికి దొరకాలి, మత్తుమందు లేకుండా పన్ను పీకుతాను."

శ్రుతి మాష్టారికి అన్యాయాన్ని చూస్తే ఊరుకునే అలవాటు లేదు. పక్క దుకాణానికి వెళ్లి సంగతి చెప్పాడు. అది వయొలిన్ల దగ్గరికి చేరేసరికి డాక్టరుగారి మాండలిన్ దొంగలెత్తుకుపోయారని అయింది. డోళ్ల దగ్గరికి చేరేసరికి హాల్లో అమ్మేదంతా దొంగ సరుకేనని తేలిపోయింది. కాపలావాడు బయటి తలుపులు మూసేశాడు. ఎవరి వాద్యాలు వారు గట్టిగా పట్టుకోవలసిందిగా నిర్వాహకుడు మైకులో వేడుకున్నాడు. జనం చేతికందినవి పట్టుకున్నారు. అకార్డియన్ వాయించే ఒకావిడ చేతిలో వేణువు తేలింది. ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

నిర్వాహకుడు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఇది మీదేననడానికి ఆధారం ఏమైనా ఉందా సార్?"

"పళ్ల డాక్టర్ని పట్టుకుని పంటిగాటుకు ఆధారం అడుగుతారా?" అంటూ డాక్టరు ఇంటికి ఫోను చేశాడు. "షోకేసులో అమ్మాయి పాలపళ్ల అచ్చుంది. అమ్మాయినీ అచ్చునీ తీసుకుని ఉన్నపళంగా రా."

"మీరు వెళ్లింది ప్రదర్శనకా, పోలీసు స్టేషనుకా?" అంది భార్య. అయినా వచ్చింది.

కాలేజీ చదువుతున్న కూతురు తల్లి వెనక నక్కింది. "నాన్నా, ఇంతమందిలో నా పాలపళ్లు చూపిస్తావా? రేపు నేను కాలేజీకెళ్లాలి." న్యాయం జరుగుతున్నప్పుడు ఇలాంటివి పట్టించుకోకూడదని డాక్టరు ఆమెకు నచ్చజెప్పి, తెల్లటి అచ్చును అంచుకు ఆనించాడు. గాటులో పన్ను, సందులో సందు, ఇసుమంత తేడా లేకుండా కూర్చుంది. హాలంతా చప్పట్లతో మోగింది. మేస్త్రి చెల్లెలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. డాక్టరు మాండలిన్‌ను గుండెకు హత్తుకున్నాడు.

"ఇది నాది. ఎవడు కాదన్నా నాదే. అందరి ముందూ చెబుతున్నాను, మా ఆవిడే సాక్షి."

అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది. మేస్త్రి చేతిలో మరో మాండలిన్‌తో వచ్చాడు. అదే నల్లటి చోటు, అదే మచ్చ, అవే పంటిగాట్లు.

"గరగర పూర్తిగా పోయింది డాక్టరుగారూ, మీటి చూడండి," అన్నాడు. తర్వాత ఆయన గుండెల మీదున్నదాన్ని చూశాడు. "అరె, నేను చూపిద్దామనుకుంటే మీరే చూసేశారా?"

డాక్టరు ఒకసారి దాన్నీ, ఒకసారి తన గుండెల మీదున్నదాన్నీ చూశాడు.

"పోయినేడు మీరే కదండీ, అచ్చం ఇలాంటిదే ఇంకోటి కావాలి, గీత కూడా తేడా రాకూడదన్నది. మీది బాగుకిచ్చినప్పుడు పంటిగాటుకు మైనంతో అచ్చు తీసుకున్నాను. అది కుదిరేలోగా మంచి చెక్కలు ఎన్ని పాడయ్యాయో. వీటన్నిటికంటే ఆ గరగర రప్పించడానికే ప్రాణం పోయింది."

డాక్టరుకు లీలగా గుర్తొచ్చింది. ఆ మాట ఆయన ఏటా ప్రతి దుకాణంలోనూ అంటాడు. నిజమని నమ్మినవాడు ఇన్నేళ్లలో ఇతనొక్కడే.

"నేనేదో మాటవరసకు అన్నానయ్యా," అన్నాడు నీరసంగా.

చెల్లెలు చెవిలో చెప్పిందంతా అప్పుడే విన్న మేస్త్రికి ఒళ్లు మండింది. "మాటవరసకా? మరి నన్ను దొంగను చేసి హాలు తలుపులు మూయించారే, అదీ మాటవరసకేనా?"

భార్య మాత్రం గొంతు పెంచలేదు. రెండు మాండలిన్లనూ చూసింది, భర్తను చూసింది, మేస్త్రి వైపు తిరిగింది.

"రెండూ కట్టించండి. ఇది మాదేనని పంటిగాటుతో సహా రుజువైపోయింది." తర్వాత భర్తతో అంది, "ఆర్డరిచ్చిన పెద్దమనిషికి మత్తుమందు లేకుండా పన్ను పీకుతానన్నారట, మేస్త్రిగారి చెల్లెలు చెప్పింది. పదండి, ఎలాగూ క్లినిక్‌కే కదా."

ఆరు మాండలిన్లూ ఇప్పుడు క్లినిక్ గోడకు వేలాడుతున్నాయి. డాక్టరు రాత్రి భోజనానికి మాత్రం ఇంటికి వెళ్లడానికి అనుమతి సంపాదించాడు. రోగులు లేనప్పుడు పాతదాన్ని తీసి మీటుతాడు. గరగర లేకపోయేసరికి అది ఎవరిదో పరాయి వాద్యంలా ఉంటుంది. కొత్తది అందుకుంటే ప్రాణం లేచివస్తుంది. వచ్చే ఏడాది ప్రదర్శనకు దాన్నే తీసుకెళ్లాలి, మూడో తీగ గరగరమంటోంది.