ప్రసన్న మేడం మౌన పద్ధతి

సోమవారం ప్రసన్న పెట్టుకున్న పనులు రెండే. పదకొండింటికి, వేసవి సెలవుల్లో ఉన్న పిల్లలకు పాట క్లాసు చెప్పాలి. ఆ క్లాసు చూడడానికి నర్సంపేట నుంచి వస్తున్న స్కూలు ప్రిన్సిపల్ భారతిని మెప్పించాలి. ఆమెకు నచ్చితే జూన్ నుంచి ఆ స్కూల్లో సంగీతం ప్రసన్నదే. హనుమకొండలో మేడ మీద గది అద్దెకు తీసుకొని, చప్పుడు బయటికి పోకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి, వాయిస్ స్టూడియో అని బోర్డు పెట్టి రెండేళ్ళయింది. పెళ్ళిళ్ళలో పాడుతుంది, చర్చిలో పాడుతుంది, మిగతా రోజులు నేర్పుతుంది. నెల జీతమంటూ ఎక్కడా లేదు. ఉన్నదల్లా గొంతే.

ఆ ఉదయం సాధనకు కూర్చుని 'స' అందామని నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ గాలే. శనివారం కాజీపేటలో పెళ్ళి, ఆదివారం చర్చిలో రెండు ఆరాధనలు.

తొమ్మిదింటికి గొంతు డాక్టరు నోట్లో చిన్న అద్దం పెట్టి, టార్చి వేసి చూశాడు. "స్వరపేటిక బాగ వాచింది. ఐదు రోజులు మాట్లాడొద్దు. గుసగుస కూడ పెట్టొద్దు. వినకపోతే తర్వాత ఏమైతదో నేను చెప్పలేను."

ఆ చివరి మాట ఆమెను ఆటోలో కూడా వదల్లేదు. ఫోన్లో 'క్లాసు క్యాన్సిల్ చేద్దాం అత్తమ్మా' అని రాసి పక్కనే కూర్చున్న సువార్తమ్మకు చూపించింది. ఆమె ఫోను దూరంగా పట్టుకొని చదివింది.

"ఎందుకని అడగరా బిడ్డా? పాట నేర్పేటామెకు గొంతు పోయిందంటే రేపటి సంది పిల్లల్ని ఎవరు పంపుతరు? సందు చివర ఇంకొకాయన గదే బోర్డు పెట్టిండు, చూసినవా? నువ్వు ఊకె నిలబడు. మాటలు నేను చెప్త."

పదకొండింటికి ఏడుగురు పిల్లలు వచ్చారు. వెనక కుర్చీలో ఎప్పటిలాగే సారంగపాణి నోటుబుక్కుతో కూర్చున్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. కూతురు తేజస్వి రెండేళ్ళుగా శ్రుతికి ఒక మెట్టు కిందే పాడుతున్నదని ఆయన దిగులు. పక్క కుర్చీలో భారతి.

"మేడం మాట్లాడుతలేరేంది?" అన్నాడు సారంగపాణి.

"ఇయ్యాల్టి సంది కొత్త పద్ధతి సారూ. టీచరు నోరు తెరవదు. మౌన పద్ధతి," అన్నది సువార్తమ్మ.

"ఎక్కడిది?"

సువార్తమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "కేరళది."

ఆయన రాసుకున్నాడు. ప్రసన్న కీబోర్డు మీద స్వరం నొక్కి చెయ్యి పైకెత్తింది. పిల్లలు పాడారు. తప్పు వినపడితే చెప్పలేక కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ వాగే మేడం కళ్ళు మూసుకుంటే పిల్లలకూ భయమేసింది. ఎవరు తప్పు పాడారోనని ఒకరినొకరు వినడం మొదలుపెట్టారు.

క్లాసయ్యాక భారతి లేచి నిలబడింది. "గంట సేపు ఒక్క మాట లేకుండ పిల్లల్ని కూర్చోబెట్టిండ్రు. మా దగ్గర నలుగురు అరిచినా కూర్చోరు. గురువారం మా స్కూలుకు రాండ్రి మేడం. టీచర్లందరిని పిలుస్త. ఈ పద్ధతి గురించి ఒక పది నిమిషాలు మాట్లాడండ్రి."

ప్రసన్న అడ్డంగా తలూపింది.

"మా కోడలికి మొహమాటం. వస్తది," అన్నది సువార్తమ్మ.

సారంగపాణి ఆ రోజే మౌన పద్ధతి గురించి తల్లిదండ్రుల గ్రూపులో రాశాడు. మంగళవారం మెట్ల మీద పద్నాలుగు జతల చెప్పులున్నాయి. బుధవారానికి గదిలో చోటు చాలలేదు. పిల్లల సంఖ్య పెరిగిన కొద్దీ ప్రసన్నకు భయం పెరిగింది. అద్దంలో గొంతు చూసుకునేది. వచ్చిందేమో చూద్దామని నోటిదాకా వచ్చిన రాగాన్ని మింగేసేది. రాకపోతే? ఆ జవాబు తెలుసుకునే ధైర్యం ఆమెకు లేదు.

బుధవారం సాయంత్రం సారంగపాణి వచ్చాడు. "నెట్ల మొత్తం వెతికిన. కేరళల ఇసుంటి పద్ధతి లేదమ్మా."

"కేరళోళ్ళు అన్నీ నెట్ల పెడ్తరా సారూ?" అన్నది సువార్తమ్మ.

"సరే. రేపు నర్సంపేటకు నేను గూడ వస్త. మేడమ్‌నే అడుగుత."

గురువారం స్కూలు హాల్లో నలభై మంది టీచర్లు. ముందు వరసలో సారంగపాణి, చేతిలో ప్రశ్నల కాగితం. భారతి మైకు ప్రసన్న చేతికిచ్చింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. పక్కకు చూస్తే, నాలుగు రోజులుగా అన్నిటికీ జవాబు చెప్పిన సువార్తమ్మ కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తున్నది.

ఇక దాచడం తన వల్ల కాదని ప్రసన్నకు తెలిసిపోయింది. మైకు బల్ల మీద పెట్టి, సుద్దముక్క తీసుకొని బోర్డు మీద రాసింది. 'నాకు గొంతు పోయింది. డాక్టరు మాట్లాడొద్దన్నారు. ఇది ఏ పద్ధతీ కాదు. అబద్ధం చెప్పాం. క్షమించండి.'

సారంగపాణి లేచాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంటే గొంతు లేకనే మూడు రోజుల్ల మా పాపకు శ్రుతి కుదిరిందా?"

ప్రసన్న తల దించుకుంది.

"రెండేండ్ల సంది మీరు గొంతెత్తి చెప్తే కుదరలే మేడం. మీ పాట కింద దాని పాట దానికే ఇనపడలే," అన్నాడాయన. కోపంగా కాదు, లెక్క తేలినవాడిలా.

"పేరు ఏదైతేంది," అన్నది భారతి. "జూన్ ఒకటో తారీఖు రాండ్రి."

శనివారం డాక్టరు చూసి, ఇక మాట్లాడవచ్చన్నాడు. 'స' అన్నది ప్రసన్న. బొంగురుగానే అయినా వచ్చింది. ఆమె దవాఖాన మెట్ల మీద కూర్చొని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకొని మొదట భారతికి ఫోన్ చేసింది.

"మేడం, నా గొంతు వచ్చింది."

"మంచిదే," అన్నది భారతి. "మా స్కూలుకు వచ్చేటప్పుడు మాత్రం జర ఇంటికాడ పెట్టి రాండ్రి."

ప్రసన్న సరేనని తలూపింది. ఫోన్లో అది కనపడదని కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.