పేలే గోడ గలవాడే భాగ్యవంతుడు

ఢాం!

మా ఇంటి గోడ మళ్లీ పేలింది. ఆ అదురుకి చేతిలో కాఫీ సగం ఒలికిపోయినా మా ఆవిడ ఫోను మాత్రం వదల్లేదు. వీధి గ్రూపులో పెట్టడానికి మెసేజ్ టైపు చేసేసింది. "రేకుల మేస్త్రీ మోసగాడు. ఎవరూ పని ఇవ్వకండి."

ఆ గ్రూపులో నూట నలభై మంది. మేస్త్రీ ఇదే వీధిలో ఇంకో మూడిళ్లకు పని ఒప్పుకున్నాడు. మా ఆవిడ బొటనవేలు ఒక్కసారి కిందికి దిగిందా, అతని పేరు వీధిన పడ్డట్టే!

"ఆగు!" అని అరిచాను. "ఈ మోత మనకి వరం!"

నవ్వకండి పాఠకులారా! బయటి గోడలకు నిలువెల్లా రేకు పలకలు తొడిగించడం ఇప్పటి ఫ్యాషన్. రంగులు వెయ్యక్కర్లేదు, చెమ్మ దిగదు, ఇల్లు కొత్త ఫ్రిజ్‌లా మెరుస్తుంది. మేమూ తొడిగించాం. రెండు నెలలు నోరెత్తని గోడ పది రోజులుగా ఎండెక్కితే చాలు, తుపాకీలా పేలుతోంది. రేకు అప్పడంలా ఉబ్బుతోంది.

అయితేనేం? పదకొండూ ఇరవైకి తూర్పు గోడ, రెండుంపావుకి పడమటి గోడ. మా ఇంట్లో ఇక గడియారం ఎందుకండీ?

మొన్న ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చాడు. "ఏ క్షణాన ఏమవుతుందో చెప్పలేం సార్" అన్నాడో లేదో, ఢాం! మనిషి మళ్లీ కనిపిస్తే ఒట్టు. బ్యాగు ఇంకా మా సోఫాలోనే ఉంది.

ఒక్కో మోతకి ఇంటిల్లిపాదీ జానెడు ఎత్తు ఎగురుతాం. ఏ జిమ్‌లో చేయిస్తారు ఇంత వ్యాయామం? ఇక మొగుడూ పెళ్లాల గొడవల్లో చివరి మాట ఎవరిదన్న పేచీయే లేదు. గోడది!

"మీకేమైనా మతి పోయిందా? అతన్ని వెనకేసుకొస్తారేంటి?" అంది మా ఆవిడ.

"వదలొద్దమ్మా వాణ్ని!" పేపరు చాటునుంచి మా మామగారు. రిటైరై, నాలుగు నెలలుగా మా ఇంట్లోనే ఉంటున్నారు. "నేను మొదటి రోజే చూశా. ఒక్క స్క్రూ గట్టిగా లేదు. చేత్తో తోస్తే రేకు జరిగింది!"

నాకెందుకో దగ్గొచ్చింది.

ఇంతలో, గ్రూపులో పెట్టేస్తానని మా ఆవిడ పొద్దున ఫోనులో బెదిరించిన మేస్త్రీ నిచ్చెనతో సహా వచ్చాడు. "ఒక్కసారి చూడనివ్వండమ్మా. తప్పు నాదైతే మీరేం రాసుకున్నా పడతాను" అని ఎక్కాడు. రెండు నిమిషాల్లో పైనుంచి కేక. "ఎవరమ్మా వీటిని బిగించింది? ఎండకి రేకు సాగుతుంది. అటూ ఇటూ జరగడానికే పొడుగు బెజ్జాలు పెట్టి, స్క్రూ వెంట్రుకవాసి వదులుగా వదిలాను. ఇలా పీక పిసికితే పేలక ఏం చేస్తుంది? రెండొందల పన్నెండు స్క్రూలు! ఒక్కటీ వదల్లేదు మహానుభావుడు!"

మా ఆవిడ నావైపు చూసింది. బల్బు మార్చడం కూడా రాని మనిషినని గుర్తొచ్చి, చూపు తిప్పుకుంది.

మేస్త్రీ ఒక స్క్రూ ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు. దాంతోపాటు నల్లటి రబ్బరు బిళ్ల. పాత సైకిలు ట్యూబుని కత్తెరతో గుండ్రంగా కత్తిరించినది. అలాంటి బిళ్లలు నాలుగు నెలలుగా మా కుళాయిల్లో, కుక్కరు పిడిలో, మంచం కోళ్ల కింద, ఆఖరికి నా కళ్లజోడులో కూడా ఉన్నాయి!

ఇక దాచి లాభం లేదు పాఠకులారా. ఆయన నిచ్చెనెక్కి, నోట్లో స్క్రూలు పెట్టుకుని, బాగున్న గోడని బాగుచేస్తుంటే నేను కళ్లారా చూశాను. ఎందుకు చెప్పలేదంటారా? "ఎందుకండీ మీకీ శ్రమ?" అని మామగారి చేతిలో స్క్రూడ్రైవరు లాక్కునే మొనగాడు మీలో ఎవరైనా ఉన్నారా? అంతకంటే, గోడ పేలడం వరమని వాదించడం తేలిక కదా!

మా ఆవిడ మెసేజ్ చెరిపేసింది. నడుం మీద చెయ్యేసుకుని పేపరు ముందు నిలబడింది.

"నాన్నా!"

పేపరు మెల్లగా కిందికి దిగింది.

"నా ఒక్కడివల్ల అయ్యే పనా తల్లీ?" అన్నారు మామగారు, అమాయకంగా. "కింద నిచ్చెన పట్టుకుని, ఒక్కో స్క్రూ అందించింది మీ ఆయనే!"