కౌసల్యమ్మ చాయ్‌కు ఎండ పర్మిషన్

సూర్యుడు అందరివాడు అనే మాట పోయిన పుష్యమాసంలో నాచారంలో రద్దయింది. అప్పటి నుంచి మా గల్లీలో ఎవరి సూర్యుడు వారికే. దయాకర్ సూర్యుడు మూడు కిలోవాట్లు. ఎదురింటి కామరాజు గారి సూర్యుడూ మూడే గాని, ఆయన డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ పడుతుంది కాబట్టి కొంచెం చిన్నవాడు.

నేను దయాకర్ ఇంట్లో కింది పోర్షన్‌లో అద్దెకుంటాను. నాకు చదువు అబ్బలేదు, అబద్ధం అసలే అబ్బలేదు. చూసింది చూసినట్టే చెబుతాను.

దయాకర్‌ది ఉప్పల్‌లో కంప్యూటర్ ఉద్యోగం. డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించిన నాటి నుంచి ఆయనకు ఒకటే బాధ. పగలు తయారైన కరెంటులో మనం వాడుకోగా మిగిలింది తీగల వెంట బయటికి పోతుంది.

"మన ఎండ పోయి కామరాజు సార్ ఏసీల తిరుగుతుందన్నా. నాకు నిద్ర పడ్తలేదు" అన్నాడు.

(పుష్యమాసంలో ఏసీ ఎవరు వేస్తారని నేను అడగలేదు. అద్దెకుండేవాళ్లు అలాంటివి అడగకూడదు.)

ఆ బాధకు మందుగా ఎండన్న అనే యాప్ వచ్చింది. ఇంట్లో ప్రతి ప్లగ్గుకూ ఒక తెలివైన డబ్బా బిగించారు. గీజరు, వాషింగ్ మెషిన్, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ ఎండన్న చేతిలోకి వెళ్లాయి. గ్యాస్ పొయ్యి అటకెక్కింది, దాని చోట కరెంటు పొయ్యి కూర్చుంది. ఎండ బాగా కాసినప్పుడే ఎండన్న వీటిని నడిపిస్తాడు. సాయంత్రం దాకా చూసి, ఎండ చాలకపోతే చప్పుడు చేయకుండా బయటి కరెంటు తెచ్చుకుంటాడు. చివరికి మన ప్యానెళ్ల కరెంటులో నూటికి ఎంత మనమే వాడుకున్నామో ఒక అంకె చెబుతాడు.

ఆ అంకెకు ఒక ఆఫీసు కూడా ఉంది. స్వీయ సౌర వినియోగ ప్రోత్సాహక మండలి, తూర్పు విభాగం, ఉప్పల్ ఉపవిభాగం. అంకె నూరు చేరిన ఇంటికి 'సంపూర్ణ సూర్య కుటుంబం' అని పత్రం ఇస్తారు. (తొంభై తొమ్మిదికి ఏమీ ఇవ్వరు. సానుభూతి కూడా ఇవ్వరు.)

మొదటి వారం డెబ్బై ఒకటి వచ్చింది. దయాకర్ పట్టుదల పెంచాడు. మంగళవారానికి ఇంట్లో మాసిన బట్టలు అయిపోయాయి. మధ్యాహ్నం నా తలుపు కొట్టాడు.

"అన్నా, బట్టలున్నయా?"

"మొన్ననే ఉతికితివి గదనే!"

"మాసినయే గావాల్నని లేదన్నా. బట్టలైతే చాలు."

ఆ తర్వాత మల్లాపూర్ వర్క్‌షాపుల నుంచి గ్రీజు అంటిన ప్యాంట్లు తెప్పించాడు. నా చొక్కాకు రోజూ మూడుసార్లు ఇస్త్రీ జరిగేది. దాని మడతతో నేను ఉల్లిగడ్డలు తరిగాను. ఇది నిజం, వంకాయలు కూడా తరిగాను.

కష్టమంతా దయాకర్ తల్లి కౌసల్యమ్మకు వచ్చింది. ఆమెకు ఊహ తెలిసిన నాటి నుంచి ఒక పద్ధతి ఉంది. పొద్దున అయిదింటికి వేడినీళ్ల స్నానం, ఆపైన దీపం, ఆపైన చాయ్. ఎండన్న ఈ వరుస తప్పించలేదు. వరుస మొత్తాన్ని పన్నెండు నలభైకి జరిపాడంతే.

మొదటిరోజు ఆమె అయిదింటికి గీజరు స్విచ్ నొక్కితే, గోడమీది డబ్బా ఎంతో మర్యాదగా మాట్లాడింది. "మీ స్నానం వరుసలో ఉంది. దయచేసి సూర్యుని కోసం వేచి ఉండండి."

"ఓరి దయాకరూ! తానం జెయ్యనీకి గీ డబ్బను అడుగాల్నారా?"

"జర ఓపిక వట్టమ్మా. పన్నెండు దాటినంక మస్తు ఎండుంటది."

"గప్పుడు దీపం ముట్టిస్తే దేవుడు అన్నం దిని పండుకునే యాళ్ల అయితది. మరి చాయ్ ఎప్పుడు తాగాలె?"

"దీపం తర్వాత."

"నీ ఎండన్నకు అమ్మ లేదారా?"

"అప్‌డేట్‌ల వస్తదమ్మా."

చన్నీళ్లకు ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. స్నానం కానిదే గొంతులో చుక్క దిగదు. రోజూ ఏడు గంటల నలభై నిమిషాలు ఆమె చాయ్ లేకుండా, తలకు గుడ్డ కట్టుకుని కూర్చునేది. ఆ సమయంలో మా పిట్టగోడ మీద కాకి కూడా వాలేది కాదు.

అంకె తొంభై ఆరుకు చేరి అక్కడే ఆగిపోయింది. పైగా కామరాజు గారు గేటు దగ్గర నిలబడి కబురు చెప్పారు.

"ఏవండీ దయాకర్ గారూ, మాకు తొంభై ఏడండోయ్! మా ఆవిడ మధ్యాహ్నం గ్రైండరు రెండుసార్లు వేస్తోందండీ. ఒకసారి పప్పుతో, ఒకసారి ఊరికే."

వచ్చే గురువారం మండలి తనిఖీ. దయాకర్ అన్నం మానేశాడు. (కరెంటు పొయ్యి వాడకం తగ్గి అంకె పడిపోతుందని మళ్లీ మొదలుపెట్టాడు.)

ఆ సాయంత్రమే కౌసల్యమ్మ నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, అటక మీద రాగి బాయిలర్ ఉన్నది. జర డాబా మీదికి ఎక్కియ్యి. వానికి జెప్పకు."

పాతకాలపు బాయిలర్ అది. నడుమ గొట్టంలో కట్టెలు వేస్తే చుట్టూ నీళ్లు కాగుతాయి. ఈదురుగాలి తగలకుండా దాన్ని ప్యానెళ్ల పక్కన పెట్టాను. మల్లాపూర్ నుంచి పాత ప్యాకింగ్ పెట్టెల చెక్కలు మోసుకొచ్చాను. తెల్లారి అయిదింటికి స్నానం అయింది, దీపం వెలిగింది, మిగిలిన నిప్పుల మీద చాయ్ మరిగింది. నాకూ ఒక కప్పు వచ్చింది. (సాక్షికి చాయ్ పోయడం నేరం కాదు.)

పొగ మాత్రం తిన్నగా ప్యానెళ్ల మీదికే వెళ్లేది. దయాకర్‌కు ఇది తెలియలేదు. ఆయన లేచేది ఎనిమిదికి. పైగా డాబా సంగతి ఫోన్‌లో కనబడుతుంటే మెట్లెక్కడం వెనకబాటుతనమని ఆయన అభిప్రాయం.

అంకె తొంభై ఏడైంది. తొంభై ఎనిమిదైంది. తొంభై తొమ్మిదైంది.

"సూసినవా అన్నా, ఎండన్న మన ఇంటిని నేర్సుకుంటున్నడు! అమ్మకు గూడ అలవాటైంది, తిడ్తలేదు" అని మురిసిపోయాడు.

గురువారం పొద్దున్నే తనిఖీ అధికారి పట్టాభిరామయ్య గారు లావుపాటి నిబంధనల పుస్తకంతో వచ్చారు. ఫోన్ చూశారు. నూటికి నూరు. దయాకర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సంతోషమండి. ఇక నిబంధన పద్నాలుగు ప్రకారం డాబా చూడాలి."

అందరం ఎక్కాం. ప్యానెళ్లు అట్లపెనం అడుగులా నల్లగా ఉన్నాయి. పక్కన బాయిలర్, దాని పక్కన గ్లాసుతో కౌసల్యమ్మ.

"అమ్మా! ఏం జేసినవే!"

"పొద్దుగాల చాయ్ తాగిన్రా. దొంగతనమైతే జెయ్యలే."

"ఇప్పుడే కడుగుత సార్! ఆ బాయిలర్ గూడ తీసేస్త!" అని దయాకర్ బకెట్ కోసం పరుగెత్తబోయాడు. కౌసల్యమ్మ గ్లాసును రెండు చేతులా పట్టుకుంది.

"ఆగండి" అన్నారు పట్టాభిరామయ్య గారు. "తయారైన కరెంటు ఎంత?"

"ఫ్రిజ్‌కు సరిపోయేంత, సార్."

"ఫ్రిజ్ వాడిందెంత?"

"మొత్తం."

"బయటికి పోయింది?"

"సున్నా."

"మరి నూరే కదండీ."

"మసి, సార్?"

ఆయన పుస్తకం రెండుసార్లు తిరగేశారు. "మసికి మా దగ్గర గడి లేదండి. గడి లేనిదాన్ని నేను చూడలేను."

"సారు, చాయ్ తాగుతవా?" అంది కౌసల్యమ్మ.

ఆయన తాగారు. పత్రంలో 'స్మార్ట్ పరికరాలు' అనే చోట ఇలా రాశారు: ఒకటి, రాగిది. నెట్‌వర్క్ అక్కర్లేదు. అప్‌డేట్ అక్కర్లేదు. ఎదురు మాట్లాడదు. కింద షరతు: పత్రం అమలులో ఉన్నంతకాలం ఈ పరికరాన్ని తొలగించరాదు, ప్యానెళ్లు కడగరాదు.

ఆ విధంగా కౌసల్యమ్మ అయిదు గంటల చాయ్‌కు మండలి రక్షణ లభించింది.

మర్నాడే కామరాజు గారు వచ్చారు. "పిన్నిగారూ, ఆ బాయిలర్ ఓ వారం ఇప్పిస్తారాండీ?"

"బాయిలర్ ఇయ్య. మసి గావాల్నంటే బకెట్ తెచ్చుకో, ఎత్తుక పో."

ఇప్పుడు మా గల్లీలో పదకొండు ఇళ్లు సంపూర్ణ సూర్య కుటుంబాలు. కరెంటు మాత్రం అందరికీ స్తంభం నుంచే వస్తోంది.